బేతాళునికి రూపమిచ్చిన చిత్రకారుడు



ఆషాఢమాసమున లాల్‌దర్వాజ సింహవాహినీ అమ్మవారి బోనాల పండుగనాడు, ఒడలెల్ల పసుపు పూసికొని, నడుమునకు వేపమండలు చుట్టుకొని, చేత కొరడా త్రిప్పుచు, డప్పుల మ్రోతకు అనుగుణముగా చిందులు త్రొక్కుచు వచ్చు పోతరాజును చూచి తల్లి కొంగు పట్టుకొనని పిల్లవాడు మన పాతబస్తీలో లేడు. ఆ కొంగుచాటునుండి మెల్లగా తల వెలికి చాచి ఆ భీకరాకారమును మఱియొకమాఱు చూడగోరని పిల్లవాడును లేడు. ఆ పోతరాజు అమ్మవారికి తమ్ముడనియు, ఊరికి కావలివాడనియు పెద్దలు చెప్పగా విన్న పిమ్మట ఆ పిల్లవాని భయము పూర్తిగా తొలగిపోదు గాని, దానికొక హద్దును, ఒక మర్యాదయు ఏర్పడును. భయము ఉండును, భయపెట్టువాడు శత్రువు కాడని మాత్రము తెలియును.

భయమునకు ఇట్టి మర్యాదను కాగితముమీద, సిరాతో, నెలనెలయు, ఇంచుమించు 60 సంవత్సరములపాటు కల్పించిన ఒక చిత్రకారుని జీవితకృషిని గూర్చి ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచితిని. ఆయన పేరు కె. సి. శివశంకరన్. చందమామ పాఠకులెఱిగిన పేరు శంకర్. శవమును భుజమున వేసికొని, దూసిన కత్తి చేతబట్టి, శ్మశానభూమిలో నడచిపోవు విక్రమార్కుని చిత్రము తెలుగు చదువ నేర్చిన కొన్ని తరములవారి కన్నులలో చెరగని ముద్రగా నిలిచియున్నది. ఆ చిత్రమును గీచిన చేయి ఎవరిదని అడిగినచో తడుముకొనకుండ చెప్పగలవారు మాత్రము తక్కువ. చిత్రము ప్రసిద్ధమై చిత్రకారుడు మఱుగునపడుట మన దేశమున క్రొత్త కాదు. అయినను ఈయన విషయమున అది నాకు మిక్కిలి అన్యాయముగ తోచుచున్నది. ఆ అన్యాయభావమే నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

శంకర్‌గారి కృషియొక్క విలువ తెలియవలెనన్న, ఆ కాలముననే సముద్రముల కావల, బ్రిటన్ దేశమున, బాలుర కొఱకు భయానకచిత్రములు గీయు వృత్తికి ఏమి సంభవించెనో కొంత తెలిసికొనవలయును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అమెరికానుండి దిగుమతియైన భయానక కామిక్సును, వానిని చూచి బ్రిటన్‌లోనే మరల ముద్రించిన పుస్తకములును ఆ దేశపు అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయెను. అట్లుండగా 1954 సెప్టెంబరు మాసమున గ్లాస్గో నగరములో గోర్బల్స్ అను పేదల పేటయందు ఒక వింత జరిగెను. ఇద్దరు పిల్లలను ఇనుపదంతములుగల రక్తపిశాచము పొట్టనబెట్టుకొన్నదని ఎవరు పుట్టించిరో తెలియని వదంతి బయలుదేరగా, నూర్లకొలది బాలబాలికలు, కొందఱు కఱ్ఱలును మఱికొందఱు కత్తులును చేతబట్టుకొని, సదరన్ నెక్రోపోలిస్ అను విశాలమైన శ్మశానవాటికలో చీకటిపడిన వేళ ఆ పిశాచమును వేటాడుచు తిరిగిరి. పోలీసువచ్చి చెప్పినను ఆ వేట ఒక్కనాటితో ఆగలేదు. ఈ ఉన్మాదము పిల్లలకు కామిక్సు చదువుటవలననే పట్టినదని పెద్దలు నిశ్చయించిరి. ఉపాధ్యాయ సంఘములు, క్రైస్తవ మతాచార్యులు, కమ్యూనిస్టులు, తక్కిన విషయములందెంత భేదాభిప్రాయములు గలవారైనను, దీనియందు ఏకకంఠమైరి. మరుసటి సంవత్సరము, అనగా 1955లో, పిల్లలకు హానికరములైన ప్రచురణలను నిషేధించుచు పార్లమెంటు శాసనము చేసినది. ఆ ఇనుపదంతముల పిశాచము ఫలానా కామిక్సులో ఉన్నదని నిరూపించినవారు మాత్రము లేరు.

ఆ పుస్తకములలో దోషము లేదని నేననను. కుళ్లిన మాంసమును, తెగిన అవయవములను పిల్లల కన్నులముందు ఆరబోయుట సమర్థింపదగిన పని కాదు. కాని ఇచట మన భరతముని చేసిన ఒక సూక్ష్మవిభాగము స్మరింపదగియున్నది. ఆయన భయానకమును, బీభత్సమును రెండు వేర్వేఱు రసములుగా పరిగణించెను. మొదటిదానికి భయము స్థాయీభావము; రెండవదానికి జుగుప్స. మొదటిదానికి వర్ణము నలుపు, రెండవదానికి నీలము. భయపడినవాడు కన్నులు విప్పార్చి చూచును; రోతపడినవాడు ముఖము త్రిప్పుకొనును. అమెరికా కామిక్సు ఈ రెంటిని ఒక్క పాత్రలో పోసి కలిపినవి. బ్రిటన్ శాసనము వానిని విడదీయ యత్నింపక ఆ పాత్రనే పారవేసినది. జుగుప్సకు విధింపవలసిన శిక్ష భయమునకు కూడ పడెనని నా అభిప్రాయము.

ఆ 1950ల నడిమిభాగముననే మదరాసు నగరమున వడపళనిలోని ఒక ముద్రణాలయమునుండి వెలువడుచున్న పిల్లల పత్రికలో శ్మశానము, శవము, బేతాళుడు, కపాలములు ప్రవేశించినవి. ఏ తల్లియు ఆ పత్రికను దాచిపెట్టలేదు. ఏ శాసనసభయు దానిని చర్చింపలేదు. పైగా, నెల తిరుగునప్పటికి క్రొత్త సంచిక రాకున్నచో పిల్లలకంటె ముందుగా పెద్దలే అడిగెడివారు. ఒకచోట నిషిద్ధమైనది ఇంకొకచోట ఇంటింటి ఆదరము నొందుటకు కారణము కథాకథనమున కొంతయు, చిత్రకారుని సంయమనమున ఎక్కువయు కలదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

చందమామను గూర్చి తెలుగువారికి విపులముగా చెప్పనక్కఱలేదు. 1947 జూలైలో, స్వాతంత్ర్యమునకు ఒక మాసము ముందు, బి. నాగిరెడ్డిగారును చక్రపాణిగారును తెలుగునను తమిళమునను ఒకేసారి దీనిని ప్రారంభించిరి. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకత్వపు బరువు స్వీకరించి, 1980లో కన్నుమూయువఱకు దానిని మోసిరి. అందు వెలువడిన బేతాళకథలకు మూలము 11వ శతాబ్దమున కాశ్మీరదేశమందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములోని 25 కథల గుచ్ఛము. ఆ 25 కథలు తీరిపోయిన పిమ్మట పత్రికవారు ఆ చట్రమును మాత్రము విడువక, అందు క్రొత్త చిక్కుకథలను బిగించుచు దశాబ్దములు నడిపిరి. శవములోని బేతాళుడు దారిశ్రమ తెలియకుండ కథ చెప్పుట, చివర ఒక ధర్మసందేహము నడుగుట, రాజు సరియైన సమాధానము చెప్పుట, అందుచే మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కుట. ఇంతకుమించి ఆ చట్రమున ఏమియు మారదు. ప్రతిమాసమును మారని ఆద్యంతములకు చిత్రకారుడు ప్రాణము పోయవలెను. ఇది సులభమైన పనియా?

ఆ పని నిర్వహించిన శంకర్‌గారు 1924 జూలై 19వ తేదీన తమిళదేశమున ధారాపురప్రాంతమునందలి కారత్తొళువు గ్రామమున జన్మించిరి. చిన్నతనముననే కుటుంబము మదరాసు చేరినది. ముత్యాలపేట హైస్కూలులో చదువుచుండగా ఆయన చేతివాటమును గుర్తించిన డ్రాయింగు ఉపాధ్యాయుడు డిగ్రీ చదువుల వైపు పోవలదని, చిత్రకళాశాలలో చేరుమని ప్రోత్సహించెను. ఆ రోజులలో మదరాసు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. సముద్రతీరమున పెద్ద బండను కదల్ప పెనగులాడు నలుగురు కూలీల కాంస్యవిగ్రహమును, అనగా నేటికిని మెరీనాలో నిలిచియున్న శ్రమవిజయమును, నిర్మించిన మహాశిల్పి ఆయనయే. శంకర్‌గారు అచట విద్య ముగించుకొని 1946లో కలైమగళ్ అను తమిళ మాసపత్రికలో చిత్రకారులుగా చేరి, 1952లో చందమామకు వచ్చిరి. అటుపిమ్మట ఆయన జీవితమును చందమామ జీవితమును వేఱుచేసి చెప్పుట కష్టము.

ఆ గురువును నేనిచట పేర్కొనుటకు కారణము లేకపోలేదు. శిల్పికి శరీరమనగా మొదట బరువు. రాయ్ చౌధురి విగ్రహములలో కండరములు బండను నిజముగ త్రోయుచున్నట్లుండును. ఆ శాలలో చదివిన శంకర్‌గారి విక్రమార్కుని భుజముపైనున్న శవమును చూడుడు. అది గాలిలో తేలు ఛాయ కాదు. అది మోయబడుచున్న బరువు. అవయవములు పట్టు తప్పి వ్రేలాడుచున్నవి. మోయువాని కాలు నేలను గట్టిగా తన్నిపట్టినది. భూతప్రేతములను చిత్రించువారు సాధారణముగా పొగవలె, మంచువలె గీచి తప్పించుకొందురు. శంకర్‌గారు తప్పించుకొనలేదు. మనుష్యుడు మోయదగినంత బరువు గలది గావున ఆ భయము నమ్మదగినదైనది. మోయగలుగుచున్నాడు గావున ఆ భయము భరింపదగినదైనది. బాలునికి పట్టుదల అనగా ఏమో ఈ ఒక్క చిత్రము చెప్పినంత బోధగా ఏ నీతిపద్యవ్యాఖ్యానమును చెప్పలేదని నేనందును.

భరతుడు భయానకమునకు విధించిన నలుపు ముద్రణాలయమున సిరానలుపు కూడ కావుట మన చిత్రకారుని అదృష్టము. శంకర్‌గారి శ్మశానమున చీకటి ముద్దగా పులిమినట్లుండదు. గీతలు గీతలుగా, కొమ్మలలోనుండి, ఊడలలోనుండి, పుఱ్ఱెల కనుగుంటలలోనుండి చిక్కబడుచు వచ్చును. నడుమ రాజు దేహము మాత్రము తెలుపు. భరతుడు వీరరసమునకు బంగారు వన్నె చెప్పెను. ఒంటినలుపు ముద్రణమున బంగారు వన్నె చూపుటకు కాగితపు తెలుపుకంటె వేఱొండు సాధనము లేదు గదా! ఇక ఆయన వదలివేసినవానిని గమనింపుడు. నెత్తురు కానరాదు. క్రుళ్లు కానరాదు. రాక్షసుని గీచినను కోరలు, గుండ్రని గ్రుడ్లు గీచి, మెడలో హారములు, చేతికి కడియములు తొడిగెదరు. రాక్షసుడును ఒక కులమునకు, ఒక కొలువునకు చెందినవాడే యని తోచును. ఆయన చిత్రించిన మండపములు, స్తంభములు, ఆభరణములు దక్షిణదేశపు ఆలయములను తలపించును. ఊరి గుడిలో ద్వారపాలకుని కోరలను నిత్యము చూచు బాలునికి ఈ రాక్షసుడు అపరిచితుడు కాడు.

సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయినవారందఱును చూచు ఒక దారుశిల్పము కలదు. 19వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు శిల్పి యొకడు ఒక్క మ్రానునుండి చెక్కిన జంటబొమ్మ అది. ముందువైపున గెడ్డము వాడియై, చూపు గర్వమై నిలిచిన మెఫిస్టోఫిలిస్ అను పిశాచము, వెనుకవైపున కన్నులు వాల్చి నిలిచిన మార్గరెట్టా అను కన్యక. వెనుకనున్న అద్దమున ప్రతిబింబించినగాని రెండవ ముఖము కానరాదు. దారుల్‌షిఫాలో మూసీ ఒడ్డున ఆ బొమ్మముందు నిలుచున్నప్పుడెల్ల నాకు శంకర్‌గారి చిత్రము గుర్తునకు వచ్చును. ఆ రెండు పాత్రలకును నెలవైన గెటే మహాకవి లోకమున భయమును, సౌమ్యతయు వీపును వీపును ఆనించి నిలిచినవి. ఒకదానిని చూచునప్పుడు ఇంకొకటి మఱుగున ఉండును. మన కథలో ఆ రెండును కలిసి నడచుచున్నవి. శవము ఏ భుజముపైనున్నదో ధైర్యమును ఆ భుజమునందే ఉన్నది. అద్దముతో పని లేదు.

నాడు చందమామలో శంకర్‌గారొక్కరే లేరని చెప్పుట ధర్మము. పత్రిక పుట్టిననాటినుండి చిత్రా అను పేరుతో గీచిన టి. వి. రాఘవన్‌గారు, దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలగు జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలగువానికి గీచిన మాంత్రికులు, వికృతజంతువులు, గుహలు, అగాధములు మఱచువారెవరు? కళింగదేశపు వడ్డాది పాపయ్యగారి వర్ణశోభ ముఖచిత్రములకు చెల్లినది; మైసూరునుండి వచ్చిన ఎం. టి. వి. ఆచార్యగారి మహాభారతచిత్రముల గాంభీర్యము వేఱు. భయానకమునకు సంబంధించినంతవఱకు చిత్రాగారికిని శంకర్‌గారికిని గల భేదము నాకిట్లు తోచును. చిత్రాగారి భయము వింతదేశమున ఉండును. అచటికి మనము సాహసముతో ప్రయాణము చేయవలెను. శంకర్‌గారి భయము ఊరిచివర ఉండును. రాత్రి కాగానే అది ఉన్న దారి మనకు తెలిసినదే.

నేను పెరిగినది షాలిబండలో. హైదరాబాదున తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును ఒకే వీథిలో వినవచ్చెడి దినములవి. మా ఇంట తెలుగు చందమామ. గోడకానుకొని ఉన్న మహారాష్ట్రకుటుంబమున అదే పత్రిక చాందోబాయను పేర. ఎదురింట కన్నడ చందమామ. అక్షరములు వేఱు, చిత్రములొక్కటే. పిల్లలము మూడు పుస్తకములును అరుగుమీద పఱచి, అదే శవము, అదే కత్తి, అదే చెట్టు మూడింటను ఉన్నదని సరిచూచుకొని సంతోషించెడివారము. ఉర్దూ మాత్రమే చదువనేర్చిన మిత్రుడొకడు మాకు ఉండెడివాడు. వాని నాయనమ్మ అమీర్ హమ్జా దాస్తాన్ చెప్పుటలో నేర్పరి; దేవులు, జిన్నులు, మాయాతిలిస్ములు వానికి కొట్టినపిండి. వాడు మా చందమామలో అక్షరమొకటియు తెలియకయే, చిత్రములు చూచుచు, బేతాళుని జిన్నుగను, విక్రమార్కుని బాద్షాగను మార్చి తన భాషలో కథ అల్లి చెప్పెడివాడు. ఆ కథ మా పుస్తకములోని కథ కాదు; అయినను రాజు భయపడకుండుటయు, మాట తప్పకుండుటయు వాని కథలో కూడ ఉండెడివి. వానికి ఆ రెండును చెప్పినది చిత్రమే. తమిళుడైన చిత్రకారుడు, కాశ్మీరపు కథకు, తెలుగు సంపాదకుని కొఱకు గీచిన బొమ్మ షాలిబండలోని ఉర్దూ బాలునికి చెప్పవలసినది చెప్పినది.

మరల బ్రిటన్‌కు పోవుదము. 1955 శాసనము తరువాత ఆ దేశపు కామిక్సు చిత్రకారులు భయమును విడువలేదు. దానికి హాస్యపు ముసుగు తొడిగిరి. వారిలో అగ్రగణ్యుడు కెన్ రీడ్. 1919లో మాంచెస్టరు నగరప్రాంతమున పుట్టి, 1938నుండి ఆ నగరపు సాయంకాలపత్రికలో ఫడ్జ్ అను మరుగుజ్జు చిత్రకథను నడపి, పిమ్మట బీనో వారపత్రికలో కొంటె బాలుర కథలు గీచి, 1964లో వామ్ అను పత్రికలో ఫ్రాంకీ స్టైన్ అను స్నేహశీలియైన రాక్షసుని సృష్టించెను. ఒక శాస్త్రజ్ఞుడు తన కుమారునికి తోడుగా ఉండుటకై నిర్మించిన ఆ రాక్షసుడు మంచి చేయబోయి ఇల్లు కూల్చును. 1971లో ఆరంభమైన ఫేసేక్ కథలో బాలుడొకడు తన ముఖమును ముడిచి ఏ భీకరాకృతినైనను ధరింపగలడు. శివర్ అండ్ షేక్ అను వారపత్రికలో పాఠకులైన పిల్లలు తమకు తోచిన వికృతజీవులను వ్రాసి పంపగా, వారమునకొకటి చొప్పున రీడ్ వానిని నిండుపుటలో చిత్రించెను. ముడుత ముడుతకు, పొక్కు పొక్కునకు ఆయన చూపిన శ్రద్ధ ఆశ్చర్యము గొల్పును. 1987 ఫిబ్రవరిలో ఫేసేక్ పుట గీయుచు, గీతబల్లకడనే అస్వస్థుడై ఆయన మరణించెను.

ఈ ఇరువురిని పోల్చుట ఒకరిని తక్కువ చేయుటకు కాదు. కెన్ రీడ్ నవ్వుచేత భయమును జయింపజేసెను; శంకర్‌గారు నడకచేత జయింపజేసిరి. కామిక్సు చట్రములలో పుట త్రిప్పినంతనే భయము మారిపోవును. ఒక పుటకు ఒక బొమ్మగా నిలుచు చందమామలో కథ చదివినంతసేపును ఆ భయము కన్నులముందే ఉండును. అందుచే చందమామ చిత్రకారునికి తొందరపాటు చెల్లదు. పిల్లవాడు ఎంతసేపు చూచినను తప్పు కానరాని బొమ్మ, మఱునాడు చూచినను క్రొత్తగా ఏదో కానవచ్చు బొమ్మ, కథ చివరి చిక్కును ముందుగా బయటపెట్టని బొమ్మ; అట్టివి ఒక్కొక్క సంచికకు పెక్కు గీయవలెను. ఇరువురును సర్కారు పురస్కారముల కొఱకు గాని, ప్రదర్శనశాలల కొఱకు గాని గీయలేదు. నెల జీతమునకు, వారపు గడువునకు గీచిరి. అట్టి పనిని చిత్రకళ కాదనువారితో నేను ఏకీభవింపను. గడువు ఉన్నంతమాత్రమున గీత తక్కువది కాదు. తంజావూరు కుడ్యములను, చేర్యాల నకాషీల పటములను చిత్రించినవారును అడిగినవారికి, అడిగిన దినమునకు ఇచ్చినవారే.

రీడ్ చాలకాలము పనిచేసిన సంస్థలో చిత్రకారుల పేర్లు ముద్రించు ఆచారము లేదు. చందమామలో శంకర్‌గారి సంతకము బొమ్మమూలన చిన్న అక్షరములతో ఉండెడిది. చక్రపాణిగారు, కుటుంబరావుగారు గతించినను ఆయన గీచుచునే ఉండిరి. పత్రిక చేతులు మారి 2007లో ఒక సాంకేతిక వ్యాపారసంస్థ వశమైన పిమ్మటను గీచిరి. 2010ల ఆరంభమున ముద్రణ నిలిచిపోగా, తొంబదవపడికి చేరువగుచున్న వయస్సున తమిళమాసపత్రిక రామకృష్ణ విజయమునకు గీచిరి. 2020 సెప్టెంబరు 29వ తేదీన, 96 ఏండ్ల వయస్సున, చెన్నపట్నమున పరమపదించిరి. పద్మశ్రీ బిరుదము మఱుసటి సంవత్సరమున, ఆయన వెళ్లిపోయిన తరువాత వచ్చినది. బ్రదికియున్నప్పుడు ఇయ్యదగిన గౌరవము అది; ఇయ్యకపోవుట మన తప్పు.

కెన్ రీడ్ గీచిన పుటలను బ్రిటన్‌లో 2017నుండి మంచి కాగితముపై గ్రంథములుగా మరల ముద్రించుచున్నారు. శంకర్‌గారి బేతాళచిత్రములకు, చిత్రాగారి రాకాసిలోయ చిత్రములకు అట్టి గ్రంథములు, చిత్రకారుని జీవితచరిత్రతో, మూలపుగీత చెడకుండ, తెలుగున రావలయును. చిత్రకళ బోధించు మన విద్యాలయములు రవివర్మను, అమృతా షేర్‌గిల్‌ను బోధించునంత శ్రద్ధతో వీరిని బోధింపవలయును. ఇది ప్రకాశకులు, ఆచార్యులు చేయవలసిన పని.

మీరు నేను చేయవలసినది ఇంకొకటి కలదు. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములవారి కడ, 1960ల నాటి చందమామలు అట్ట ఊడి, అంచులు నలిగి, తూకపు కాగితమునకు పోవుటకు సిద్ధముగా నుండుట నేను పెక్కుమాఱులు చూచితిని. పాతబస్తీలో పాత ఇండ్లు కూల్చి క్రొత్తవి కట్టుచున్నారు. అటకలు దింపినప్పుడు వెలువడునవి మొదట కాగితములవానికే చేరుచున్నవి. మీ ఇంట అట్టివి ఉన్నచో దయచేసి అమ్మివేయకుడు. ఇంట ఉంచుకొనుటకు వీలులేనివారు అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకో, మీ వాడలోని గ్రంథాలయమునకో అప్పగింపుడు. అప్పగించుటకు ముందు మీ ఇంటి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బేతాళకథ తెఱచి, బొమ్మమూలనున్న ఆ చిన్న సంతకమును వారిచేత చదివింపుడు.